భుజం మీది బరువు తుంటికి దిగిన కథ

ఉత్తర ఇటలీలోని బోల్జానో నగరంలో ఒక పురావస్తు ప్రదర్శనశాల ఉంది. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడిన, సుమారు 5,300 ఏళ్ళ నాటి మనిషి దేహాన్ని అక్కడ భద్రపరిచారు. అతనికి ఓట్జీ అని పేరు పెట్టారు. అతని దగ్గర రాగి గొడ్డలి, విల్లు, అమ్ములపొదితో పాటు ఒక కర్ర చట్రం కూడా దొరికింది. దాదాపు రెండు మీటర్ల పొడవున్న హేజెల్ కర్రను వంచి, అడ్డంగా లార్చ్ చెక్కలు కట్టిన చట్రం అది. వీపున సామాను మోయడానికి వాడి ఉంటాడని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

వేసవిలో ఆ ప్రదర్శనశాలకు వచ్చే కుర్రకారులో చాలామంది వీపున సంచులు వేసుకునే వస్తారు. పెద్ద సంచుల లోపల ఇప్పటికీ చట్రమే ఉంటుంది. కర్ర పోయి అల్యూమినియం వచ్చిందంతే అనిపిస్తుంది. నిజానికి అంతకన్నా పెద్ద మార్పే జరిగింది. మోసే బరువు ఒంట్లో ఏ చోట దిగాలన్న ప్రశ్నకు గత వందేళ్ళలోనే సరైన జవాబు దొరికింది. చేతిలో డబ్బు లేని విద్యార్థులు కూలీ, టాక్సీ, హోటల్ గది అవసరం లేకుండా నలుగురైదుగురు కలిసి యూరప్ నగరాలన్నీ చుట్టి రాగలుగుతున్నారంటే, ఆ జవాబుకు అందులో పెద్ద వాటా ఉంది.

భుజం ఎందుకు నొప్పి పెడుతుంది?

భుజం బరువులు మోయడానికి అనువైన చోటు కాదు. చేతినీ భుజాన్నీ కలిపి చూస్తే, వాటి ఎముకలు మొండెం ఎముకలతో నేరుగా కీలు కలిపేది ఒక్క చోటే. అది గొంతు కింద కాలర్ బోన్ రొమ్ము ఎముకను తాకే చోటు. మిగతా భారమంతా కండరాలదే. సంచి పట్టీ భుజాన్ని కిందికి లాగుతున్నంతసేపూ మెడ కండరాలు దాన్ని పైకి పట్టి ఉంచాలి. పైగా మెడ నుంచి చేతికి వెళ్ళే నరాల గుత్తి ఆ దారిలోనే ఉంది. పట్టీ అదే పనిగా నొక్కితే చేయి తిమ్మిరెక్కుతుంది. బరువైన సంచులతో రోజుల తరబడి నడిచే సైనికుల్లో చేయి పట్టు తప్పిన సందర్భాలను వైద్యులు గుర్తించి, దానికి రక్‌సాక్ పాల్సీ అని పేరు పెట్టారు.

మన రైల్వే స్టేషన్లలో కూలీలు తువ్వాలును చుట్టకుదురులా చేసి నెత్తిన పెట్టుకుంటారు. పెట్టె బరువు తిన్నగా వెన్నెముక మీదుగా దిగుతుంది కాబట్టి భుజం కండరాలతో పని లేదు. అయితే దానికి ఏళ్ళ అలవాటు కావాలి, మెడ నిలకడ కావాలి. అలవాటు లేనివాళ్ళకు ఒంట్లో మరో గట్టి చోటు ఉంది. అదే కటి. ఆ ఎముకల నుంచి బరువు తొడ ఎముకల్లోకి, అక్కడి నుంచి నేలకు దిగుతుంది. మన మొండెం బరువును పుట్టినప్పటి నుంచీ మోస్తున్నది ఆ ఎముకలే.

మరి సంచి బరువును కటికి చేర్చడం ఎలా? ఇక్కడే చట్రం అవసరం. గుడ్డ లాగగలదు కానీ నెట్టలేదు. మెత్తటి గుడ్డసంచికి నడుము దగ్గర ఎంత వెడల్పు పట్టీ కట్టినా, అది పొట్టను బిగిస్తుంది తప్ప బరువును మోయదు. సంచి పైభాగపు బరువును కింది పట్టీ దాకా నెట్టుకొచ్చే గట్టి ఊచ ఏదైనా మధ్యలో ఉండాలి. సంచుల చరిత్రలో వందేళ్ళ పాటు జరిగిన ప్రయత్నాలన్నీ ఆ ఊచ చుట్టూనే తిరిగాయి.

కొమ్మ నుంచి గొట్టం దాకా

1908లో ఓలే బెర్గన్ అనే నార్వే యువకుడు వేటకు వెళ్ళాడు. సంచి వీపున వేలాడుతూ ఇబ్బంది పెడుతుంటే, జునిపర్ చెట్టు కొమ్మ ఒకటి నరికి, తన వీపు వంపుకు తగినట్టు వంచి సంచికి కట్టాడు. సంచి వీపును అంటిపెట్టుకుంది. మరుసటి ఏడాదే పేటెంట్ వచ్చింది. తర్వాత కొమ్మ స్థానంలో ఉక్కు గొట్టం వచ్చి చేరింది. సంచికి మనిషి వీపు ఆకారం ఇవ్వాలన్నది బెర్గన్ అందించిన ఆలోచన. బరువు మాత్రం ఇంకా చాలావరకు భుజాల మీదే ఉంది.

దాన్ని కిందికి దించిన కథ అమెరికాలో జరిగింది. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల్లో డిక్ కెల్టీ తన మిత్రుడితో కలిసి నడుస్తున్నాడు. వాళ్ళ సంచులకు చెక్క చట్రాలున్నాయి. ఆ చట్రాల కింది కొసలను ప్యాంటు వెనక జేబుల్లోకి దోపి చూశారు. భుజాలు ఒక్కసారిగా తేలికపడ్డాయి. సంచిలోంచి ఒక్క వస్తువు కూడా తీయలేదు; బరువు తుంటికి దిగిందంతే. ఈ అనుభవం నుంచే నడుము పట్టీ ఆలోచన బలపడింది.

కెల్టీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కంపెనీ లాక్‌హీడ్‌లో పనిచేసినవాడు. విమానాలకు వాడే తేలికపాటి అల్యూమినియం గురించి అతనికి బాగా తెలుసు. ఆ గొట్టాలను వీపు ఆకారంలో వంచి అతను చట్రాలు తయారుచేస్తే, భార్య నీనా ఇంట్లోనే సంచులు కుట్టింది. 1952లో, అమ్మకం మొదలుపెట్టిన ఏడాది, 29 సంచులు అమ్ముడయ్యాయి. ఒక్కోటి 24 డాలర్లు. పదకొండేళ్ళ తర్వాత, 1963లో ఎవరెస్ట్ ఎక్కిన అమెరికన్ బృందం కెల్టీ సంచులనే తీసుకెళ్ళింది.

చట్రం లోపలికి వెళ్ళింది

ఈలోగా గుడ్డ కూడా మారింది. పాత సంచులన్నీ మందపాటి నూలు కాన్వాస్‌తో కుట్టినవే. వానకు తడిస్తే నీళ్ళు పీల్చుకుని మరింత బరువెక్కేవి. 1935లో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. అది కాన్వాస్ కన్నా తేలిక, నీటిని అంతగా పీల్చదు, తొందరగా ఆరుతుంది. యుద్ధంలో పారాచ్యూట్లకు పనికొచ్చిన ఆ దారం తర్వాత సంచుల్లోకి వచ్చింది. 1967లో సియాటిల్‌లో ముర్రే ప్లెట్జ్ అనే కుర్రాడు కొత్త రకం అల్యూమినియం చట్రానికి ఒక డిజైన్ పోటీలో బహుమతి గెలిచాడు. కుట్టుపని తెలిసిన జాన్ లూయిస్ సంచులు కుట్టింది. ఆమె పేరు మీదే జాన్‌స్పోర్ట్ కంపెనీ వెలిసింది. నీనా, జాన్ ఇద్దరి పేర్లూ ఈ చరిత్రలో పేటెంట్లు తీసుకున్నవారి పేర్ల పక్కనే ఉండాలి. బరువు ఎటు పోవాలో చట్రం నిర్ణయిస్తే, ఆ బరువుకు కుట్లు విడిపోకుండా నిలబెట్టింది వాళ్ళ చేతులే.

అదే 1967లో అమెరికాకే చెందిన గ్రెగ్ లోవ్ చట్రాన్ని సంచి లోపలికి పంపాడు. బయటి చట్రం కొండదారిలో బాగానే ఉండేది కానీ, రాళ్ళు ఎక్కేటప్పుడు ఊగేది, ఇరుకుచోట్ల తగులుకునేది. లోవ్ సంచిలో వీపును ఆనుకుని లోపలే ఊచలు ఉండేవి. ఎదుటివైపు పట్టీలు లాగితే సంచి మొత్తం ఒంటికి దగ్గరగా వచ్చేది.

ఇలా దగ్గరగా రావడం వల్ల ఎంత లాభమో చిన్న లెక్కతో తెలుస్తుంది. పది కిలోల సంచి గరిమనాభి వీపుకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, అది మనిషిని వెనక్కి వంచే భ్రామకం వీపు దగ్గర సుమారు 25 న్యూటన్ మీటర్లు. అదే సంచిని 15 సెంటీమీటర్లకు తెస్తే ఆ భ్రామకం 15కు తగ్గుతుంది. పడిపోకుండా ముందుకు వంగాల్సిన అవసరం ఆ మేరకు తగ్గుతుంది. బరువైన వస్తువులను వీపుకు ఆనించి పెట్టమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

కొండల కోసం పుట్టిన ఈ సంచి రైలు పెట్టె తలుపులోంచి, మూడంతస్తుల పడకల మధ్య నుంచి దూరగలిగింది. అలా అది నగరాల్లోకి వచ్చింది.

రైలు, హాస్టల్, సంచి

సంచి ఒక్కటే ఉంటే సరిపోదు. పడుకోవడానికి చౌకగా చోటు కావాలి, తిరగడానికి చౌకగా బండి కావాలి. మొదటిది జర్మనీ బడిపంతులు రిషార్డ్ షిర్‌మాన్ పుణ్యం. 1909 ఆగస్టులో పిల్లలను కాలినడకన విహారానికి తీసుకెళ్ళిన ఆయన, ఉరుముల వానలో చిక్కుకుని ఒక పల్లె బడిలో రాత్రంతా తలదాచుకున్నాడు. సెలవుల్లో ఖాళీగా ఉండే బడులను పిల్లలకు బసగా మార్చవచ్చుననే ఆలోచన ఆ రాత్రే పుట్టింది. ఆల్టెనా కోటలో ఆయన స్థాపించిన యూత్ హాస్టల్, ప్రపంచంలోని హాస్టళ్ళన్నిటికీ మూలం. ఆ పాత పడకగదులను ఈనాటికీ అక్కడ చూడవచ్చు.

రెండోది 1972లో వచ్చింది. అంతర్జాతీయ రైల్వే సంఘం యాభై ఏళ్ళ పండుగ సందర్భంగా, 21 ఏళ్ళ వరకు వయసున్న యువత కోసం ఇంటర్‌రైల్ పాస్ ప్రవేశపెట్టారు. అప్పట్లో ఒక్క పాస్‌తో 21 దేశాల రైళ్ళలో నెల రోజులు తిరగగలిగేవారు. బ్రిటన్‌లో దాని ధర 27 పౌండ్ల 50 పెన్స్ ఉండేది. ఆ ఒక్క వేసవి కోసమే అనుకున్నది ఇప్పటికీ సాగుతోంది. రాత్రి రైలెక్కితే బస ఖర్చు కూడా కలిసొచ్చేది. పగలు ఊరు చూడడం, రాత్రి రైల్లో నిద్ర, తెల్లారేసరికి మరో దేశం: ఇలా తిరిగేవాళ్ళకు ఇంటి సామానంతా వీపు మీదే ఉండాలి.

ఈ పాస్ యూరప్ పౌరులకే కాదు, అక్కడ చట్టబద్ధంగా నివసించే ఇతరులకూ ఇస్తారు. 27 ఏళ్ళ వరకు యువత ధర వర్తిస్తుంది. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో మాస్టర్స్ చేసే తెలుగు విద్యార్థులు రెసిడెన్స్ పర్మిట్ చేతికి రాగానే సెమిస్టర్ సెలవులకు ప్లాన్లు వేసుకునేది అందుకే. భారతదేశం నుంచి విహారానికి వెళ్ళేవాళ్ళు తీసుకోవాల్సింది యూరైల్ పాస్.

చక్రాలుంటే సరిపోదా?

చక్రాల సూట్‌కేసుకు బెర్నార్డ్ శాడో అమెరికాలో పేటెంట్ పొందింది కూడా 1972లోనే. విమానాశ్రయపు నున్నటి నేల మీద దానికి తిరుగులేదు. ప్రాగ్ పాత వీధుల రాళ్ళ మీద పరిస్థితి వేరు. సూట్‌కేసు చక్రం వ్యాసార్థం 2.5 సెంటీమీటర్లు, ఎదురైన రాయి ఎత్తు 1 సెంటీమీటరు అనుకుందాం. కదలకుండా ఉన్న చక్రాన్ని ఆ రాయి ఎక్కించాలంటే అడ్డంగా లాగాల్సిన బలం, చక్రం మీదున్న బరువుకు 1.33 రెట్లు. అంటే అక్కడ లాగడం కన్నా ఎత్తడమే తేలిక. సైకిల్ చక్రం పెద్దది కాబట్టి అదే రాయిని సులువుగా దాటుతుంది. సూట్‌కేసుకు అంత పెద్ద చక్రం పెట్టలేం. వెనిస్‌లో 400కు పైగా వంతెనలు, చాలావాటికి మెట్లే. లిస్బన్ అల్ఫామా పేట నిండా ఎత్తుపల్లాలు, మెట్ల సందులు. ఆ నేల మీద అన్నిటికన్నా నమ్మకమైన వాహనం మనిషి కాలే. బరువును నేరుగా కాళ్ళకు అప్పగించే సంచికి అక్కడ సాటి లేదు.

24 లీటర్లలో పది రోజులు

ఇప్పుడు సంచి ఆకారాన్ని కొండలూ రైళ్ళే కాదు, విమానాలు కూడా నిర్ణయిస్తున్నాయి. యూరప్‌లో రైలు టికెట్టు కన్నా చౌక విమానం టికెట్టు తక్కువకు దొరికే రోజులున్నాయి. కానీ ఉచితంగా తీసుకెళ్ళగలిగేది సీటు కింద పట్టే సంచి ఒక్కటే. రయన్‌ఎయిర్ 2025లో ఆ కొలతను 40×30×20 సెంటీమీటర్లకు పెంచింది. గుణిస్తే 24 లీటర్లు. అంతకు ముందు 20 లీటర్లే. కొలత దాటితే సంచికి కట్టే రుసుము టికెట్టు ధరను మించిపోవచ్చు.

అంత చిన్న సంచికి చట్రం ఉండదు, గట్టి నడుము పట్టీ ఉండదు. నాలుగైదు కిలోల వరకు ఫరవాలేదు. ఏడెనిమిది కిలోలు కుక్కితే భుజాల కష్టం మళ్ళీ మొదలవుతుంది. స్నేహితులతో వెళ్ళడం వల్ల పెద్ద లాభం ఇక్కడే కనిపిస్తుంది. నలుగురు వెళ్తుంటే నాలుగు ఛార్జింగ్ ప్లగ్గులు, నాలుగు మందుల పొట్లాలు, నాలుగు బట్టల సబ్బులు అనవసరం. ఒక్కొక్కరు ఒక్కో వస్తువుకు బాధ్యత తీసుకుంటే అందరి సంచుల్లోనూ చోటు మిగులుతుంది. హాస్టల్ వంటగదుల్లో గిన్నెలు సాధారణంగా ఉంటాయి కాబట్టి అవి మోయక్కర్లేదు. క్యాబిన్‌లో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలపై చాలా విమానాశ్రయాల్లో ఇంకా ఆంక్ష ఉంది. నూనె తేలే ఆవకాయ సీసా ఆ లెక్కలోకే వస్తుంది. కందిపొడికి ఆ చిక్కు లేదు. అందరి వాటాగా ఒక పావుకిలో పొడి, అక్కడే కొన్న బియ్యం ఉంటే నాలుగు రాత్రుల భోజనం గడిచిపోతుంది.

పెద్ద సంచి కొనేవాళ్ళు లీటర్ల కన్నా ముందు వీపు పొడవు చూసుకోవాలి. పొడవాటి మనిషికి పొట్టి సంచి తగిలిస్తే నడుము పట్టీ పొట్ట మీదికి వస్తుంది. పెట్టిన డబ్బంతా వృథా. రెండు చేతులూ నడుం మీద వేసుకుంటే బొటనవేళ్ళకు తగిలే ఎముక అంచు ఉంటుంది. పట్టీ సరిగ్గా ఆ అంచును కప్పాలి. ముందు దాన్ని బిగించి, తర్వాతే భుజం పట్టీలు లాగాలి. ప్రయాణానికి వారం ముందే సామానంతా సర్ది, సంచి వేసుకుని అరగంట మెట్లు ఎక్కి దిగి చూడండి. భుజం పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరితే బరువు తుంటికి చేరినట్టే. దూరకపోతే పట్టీలు మళ్ళీ సవరించండి, అప్పటికీ కుదరకపోతే సంచి మార్చండి. ఆ ఒక్క అరగంట పరీక్షతో, చాలీచాలని డబ్బుతో స్నేహితులంతా కష్టపడి కుదుర్చుకున్న పది రోజులూ ఊళ్ళు చూడడానికే మిగులుతాయి.