తరుగుదల

కొత్త కారు షోరూమ్ గేటు దాటగానే దాని విలువ తగ్గడం మొదలవుతుంది. ఈ తగ్గుదలే తరుగుదల, అంటే డిప్రిసియేషన్. మన దేశంలో మోటారు బీమా లెక్కకు ఒక పట్టిక ఉంది: ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, ఆపై ఏటా 10 చొప్పున పెరిగి ఐదేళ్లలోపు 50 శాతం. అసలు మార్కెట్ ధరను మాత్రం గిరాకీయే తేలుస్తుంది.

స్పోర్ట్స్ కార్లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. 80 లక్షల కారు ఐదేళ్లకు 32 లక్షలకు అమ్ముడైందనుకుందాం. ఏడాదికి 9.6 లక్షలు పోయినట్టు. కోటి రూపాయల కారు అదే ఐదేళ్లకు 70 లక్షలకు అమ్ముడైతే ఏడాదికి పోయేది 6 లక్షలే. వడ్డీ, బీమా, సర్వీసింగ్ ఖర్చులు దీనికి అదనం.

1964 నుంచి తయారవుతున్న పోర్షే 911కు అభిమానులు ఎక్కువ. అందులో జీటీ3 వంటి పరిమిత రకాలు ధరను గట్టిగా నిలుపుకుంటాయి. మరమ్మతు ఖర్చు ఎక్కువైన లగ్జరీ కార్ల ధర త్వరగా పడిపోతుంది.

నడిపే ఆనందానికి, ధరకు నేరుగా సంబంధం లేదు. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 బరువు సుమారు ఒక టన్ను, ఇంజన్ శక్తి ఓ మోస్తరే. అయినా తేలికైన బాడీ, చేతికి చక్కగా అందే గేర్ల వల్ల మలుపుల్లో హుషారుగా సాగుతుంది. అది లోకంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కొనేముందు ధరతో పాటు అమ్మకపు విలువనూ లెక్కేయండి, ఒకసారి స్వయంగా నడిపి చూడండి.