వేలూరు నుండి నువర ఎలియకు

వేలూరులో చదువుకుంటున్న మాకు పాలారు ఒడ్డున ఉన్న ముత్తుమండపం సాయంకాలపు షికారుకు అలవాటైన చోటు. శ్రీలంకలోని కండి రాజ్యపు చివరి ప్రభువు శ్రీ విక్రమ రాజసింహుని సమాధి అక్కడ ఉన్నది. 1815లో ఆంగ్లేయులు ఆయనను పదవీచ్యుతుని చేసి, మరుసటి సంవత్సరం కుటుంబ సమేతంగా వేలూరు కోటకు తరలించారు. 1832లో ఆయన ఇక్కడే కన్నుమూశారు. రెండేళ్ళుగా ఆ మండపం మెట్ల మీద వేరుశనగకాయలు తింటూ కూర్చున్న మాకు, ఆయన విడిచివచ్చిన ఊరు చూడాలన్న కోరిక కలిగింది.

2024లో గణతంత్ర దినోత్సవం శుక్రవారం నాడు రావడంతో మూడు రోజుల సెలవు దొరికింది. అప్పట్లో శ్రీలంక ప్రభుత్వం భారతీయులకు వీసా రుసుమును తాత్కాలికంగా రద్దు చేసి ఉన్నది. చెన్నై నుండి కొలంబోకు విమానంలో గంటన్నర లోపే ప్రయాణం. మన సంస్థ లెక్కల విభాగంలో పనిచేస్తున్న మా నాన్నగారు మొదట ససేమిరా అన్నారు. సీతమ్మవారి గుడి చూసి వస్తానంటే అమ్మ ఒప్పుకున్నది. ఆపైన నాన్నగారి అంగీకారం లాంఛనమే. శుక్రవారం తెల్లవారుజామున ముగ్గురు స్నేహితురాండ్రము విమానమెక్కాము.

కొలంబోలో మేము నిలిచి చూసినది ఒక్క జాతీయ ప్రదర్శనశాలనే. కండి రాజుల సింహాసనం అక్కడ ఉన్నది. పదిహేడవ శతాబ్ది చివర డచ్చివారు కానుకగా సమర్పించిన ఆసనమది. బంగారు రేకు తాపడంతో, చేతులుంచుకొనే చోట సింహాలతో మెరిసిపోతున్నది. 1815 తరువాత ఇంగ్లండుకు తరలిపోయి 1934లో తిరిగి వచ్చింది. “కుర్చీ వచ్చింది గాని, మన పాలారు ఆయన రాలేదు” అన్నది నా స్నేహితురాలు.

ఆ సాయంత్రం రైలులో కండి చేరాము. కొండల నడుమ నిశ్చలమైన సరస్సు, ఒడ్డున దంతధాతు మందిరం, దాని ముందు పత్తిరిప్పువ అనే అష్టకోణ మండపం. సరస్సును తవ్వించినది శ్రీ విక్రమ రాజసింహుడే, 1807లో. కండి రాజులు మదురై నాయకుల బంధువర్గం నుండి రాణులను తెచ్చుకొనేవారు. 1739లో రాజు సంతానం లేక మరణించగా రాణి సోదరుడు గద్దెనెక్కాడు. తెలుగు మూలాలు గల ఆ వంశం 1815 వరకు బౌద్ధరాజ్యాన్ని ఏలింది. అలాగని మన సమాధి ప్రభువును సాధువుగా భావించరాదు. తిరుగుబాటు చేసిన మంత్రి ఎహెలెపొల భార్యాబిడ్డలను 1814లో చంపించినవాడాయన. 1815 మార్చి 2న, చెక్కిన కొయ్యస్తంభాల కొలువుకూటంలో, ఆయన సామంతులే రాజ్యాన్ని ఆంగ్లేయులకు ఒప్పగిస్తూ సంతకాలు చేశారు. ఆ స్తంభాల మధ్య నిలబడి చాలాసేపు మాట్లాడుకోలేకపోయాము.

శనివారం ఉదయం కండిలో మళ్ళీ రైలెక్కి, సుమారు నాలుగు గంటలు నిలబడే ప్రయాణం చేశాము. ఎవరి నోటుపుస్తకపు కాగితంలోనో చుట్టి ఇచ్చిన పప్పు వడలే మా భోజనం. కిటికీకి ఇరువైపులా కత్తిరించినట్లున్న తేయాకు తోటలు. ఒకప్పుడు ఇవన్నీ కాఫీ తోటలట. 1869 నుండి ఆకుతెగులు వ్యాపించి కాఫీ నాశనం కాగా, 1867లోనే జేమ్స్ టేలర్ అనే స్కాట్లండు దేశీయుడు నాటి చూపిన తేయాకు ఆ స్థానాన్ని ఆక్రమించింది. ఆకు కోసే చేతులు మాత్రం తమిళ దేశం నుండి వచ్చాయి. నాను ఓయ స్టేషనులో దిగి, ఆరువేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్న నువర ఎలియ చేరేసరికి చలికి పళ్ళు కొట్టుకున్నాయి.

ఆదివారం ఉదయం సీత ఎలియకు వెళ్ళాము. సెలయేటి పక్కన చిన్న కోవెల. ఏటిలోని బండ మీద హనుమంతుని పాదముద్రలని చెప్పే గుంటలున్నవి. అమ్మ పేర అర్చన చేయించి మెట్ల మీద కూర్చున్నప్పుడు, అరవై దాటిన ఒక తోటపని అమ్మ నా వేలూరు తమిళం విని దగ్గరకు వచ్చింది. “ఇండియాలో ఏ ఊరు తల్లీ? గూడలూరు మీకు దగ్గరా?” అని అడిగింది.

1948 నాటి పౌరసత్వ చట్టం వల్ల తోటల ప్రజలు ఏ దేశానికీ చెందనివారైనారు. 1964లో శాస్త్రిగారు, సిరిమావో బండారనాయకే చేసుకున్న ఒప్పందం ప్రకారం 5,25,000 మందిని భారతదేశానికి పంపాలని, 3,00,000 మందిని అక్కడ ఉంచుకోవాలని నిర్ణయించారు. ఈ అమ్మ తండ్రి అక్కడే ఉంటానని దరఖాస్తు పెట్టాడు. అక్క భర్త భారతదేశం కోరుకున్నాడు. అంతే, ఒకే ఇంటి పిల్లలు రెండు దేశాలవారైనారు. “నాకప్పుడు పన్నెండేళ్ళు. తలైమన్నారు ఓడరేవుకు పోయే రైలు అది. మేమంతా ఏడ్పు రైలు అనేవాళ్ళం. కదిలేటప్పుడు అక్క తన గాజులు రెండు తీసి కిటికీలోంచి నాకిచ్చింది” అన్నది. కొన్నేళ్ళు గూడలూరు నుండి ఉత్తరాలు వచ్చి, తరువాత ఆగిపోయాయట. ఆమెకు పౌరసత్వ పత్రం 2003 చట్టం తరువాత గాని చేతికి రాలేదు. అప్పటి రోజుకూలి 1,000 శ్రీలంక రూపాయలు. మన లెక్కలో రెండువందల అరవై. అయినా పక్క దుకాణంలో తేయాకు పొట్లం కొని, వద్దన్నా వినక నా సంచిలో పెట్టింది. “అక్క కనిపిస్తే ఇవ్వు” అన్నది.

ఆ రాత్రి విమానంలో ఆ పొట్లం నా ఒడిలోనే ఉన్నది. శ్రీలంక నుండి తిరిగి వచ్చిన వారికి ఉపాధి కల్పించుటకు తమిళనాడు ప్రభుత్వం 1968లో నీలగిరులలో తోటలు ప్రారంభించిందని, అవే తరువాత టాన్‌టీ అనే ప్రభుత్వరంగ సంస్థ అయినాయని నాన్నగారు చెప్పారు. గూడలూరు ప్రాంతంలోనూ ఆ తోటలున్నవి. పరీక్షలు ముగియగానే నేను వెళ్ళి విచారించదలచాను. మన పత్రిక పాఠకులలో నీలగిరుల వైపు బంధుమిత్రులున్నవారు ముందుగా కనుక్కోగలిగితే మేలు. అక్కగారి పేరు, వారు విడిచివచ్చిన తోట పేరు నాన్నగారి వద్ద వ్రాసి ఉంచాను.