మంచుకొండ దిగుదామా!

కాళ్లకు రెండు పొడవాటి పలకలు, చేతుల్లో రెండు కర్రలు, ఎదురుగా తెల్లటి మంచు వాలు... ఒక్కసారి జారామా, చెవుల పక్కన గాలి ఈల వేస్తుంది! స్కీయింగ్ అంటే అదే. సినిమా పాటల్లో చూసి ‘మనకెక్కడ కుదురుతుందిలే’ అనుకునేవాళ్లే ఎక్కువ. కానీ దానికోసం స్విట్జర్లాండ్ దాకా వెళ్లక్కర్లేదు. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలీ ఉన్నాయిగా. గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యటక శాఖ ఆధ్వర్యంలోని సంస్థే శిక్షణ ఇస్తుంది.

మొదటిరోజే ఎవరూ కొండ దిగరు. బూట్లు తొడుక్కోవడమే ఓ పెద్ద పని. చీలమండను కదలనివ్వని గట్టి ప్లాస్టిక్ బూట్లవి. తర్వాత పడటం నేర్పుతారు. అవును, పడటమే! పక్కకు ఒరిగి పడాలి, మళ్లీ లేవాలి. ఆపైన బ్రేకు వేయడం. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు ఎడంగా పెడితే లోపలి అంచులు మంచును ఒరుసుకుంటూ వేగాన్ని తగ్గిస్తాయి. దీన్ని స్నోప్లౌ అంటారు. విదేశాల్లో పిల్లలకైతే ‘పిజ్జా ముక్కలా పెట్టు’ అని చెబుతారు. ఎడమకు తిరగాలంటే కుడికాలి మీద బరువు మోపాలి. వింతగా అనిపిస్తుంది కానీ కిటుకంతా అందులోనే ఉంది. భయపడి వెనక్కి వాలితే మాత్రం స్కీలు మన మాట వినవు.

బళ్లో గోడకుర్చీ వేయించిన మాస్టారు గుర్తున్నారా? దాదాపు ఆ భంగిమలోనే మోకాళ్లు వంచి కిందికి జారాలి. దాంతో తొడలు, పిరుదులు, నడుము కండరాలు గట్టిపడతాయి. గుండెకు, ఊపిరితిత్తులకు మంచి వ్యాయామం. అన్నిటికన్నా ముఖ్యంగా ఒంటికి తూకం అలవడుతుంది. అయితే కుర్చీలోంచి లేచి నేరుగా కొండెక్కితే మోకాలి లిగమెంట్లు ఊరుకోవు. కనీసం నెలముందు నుంచీ గుంజీలు, మెట్లెక్కడం మొదలుపెట్టాలి. గుండెజబ్బు, కీళ్లనొప్పులు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే టికెట్ కొనుక్కోవాలి.

హెల్మెట్ తప్పనిసరి. నల్ల కళ్లద్దాలు షోకు కోసం కాదు. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. మరో మాట... గుల్‌మార్గ్ గండోలా ఎక్కి అఫర్వత్ పైదాకా వెళ్లొచ్చు కానీ అక్కడి వాలులు కొత్తవాళ్లకు కావు. 2023 ఫిబ్రవరిలో ఆ కొండమీద మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. గైడు వద్దన్నచోటికి వెళ్లకూడదు, అంతే.

మనవాళ్లూ ఈ ఆటలో ఉన్నారు. 2018లో మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకూర్ టర్కీ పోటీల్లో కాంస్యం గెలిచింది. స్కీయింగ్‌లో మనదేశానికి వచ్చిన తొలి అంతర్జాతీయ పతకంగా దాన్ని చెబుతారు. కశ్మీర్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు.

జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. కాకపోతే ఈమధ్య మంచును నమ్మలేకపోతున్నాం. 2025 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా పోటీలు సరిపడా మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి. కాబట్టి గది బుక్ చేసేముందు ‘మంచు పడిందా?’ అని అక్కడికి ఫోన్ చేసి కనుక్కోండి.