ఉపరత్నమని ఎవరు నిర్ణయించారు?

కెంపు ధర విని వెనకాడిన వారి ముందు జాతిరాళ్ల వ్యాపారి ఎర్రని గార్నెట్ పెడతాడు. పుష్యరాగం కొనలేనివారికి సిట్రిన్, ముత్యానికి బదులు చంద్రకాంత శిల చూపిస్తాడు. 'ఉపరత్నం' అన్న మాట మనవాళ్ల చెవిన ఎక్కువగా పడేది ఇక్కడే. అసలు రాయి అందనప్పుడు పెట్టుకునేదని అర్థం.

పాశ్చాత్యుల లెక్క వేరు. వజ్రం, కెంపు, నీలం, పచ్చ మాత్రమే వారికి మేలిరత్నాలు. తక్కిన రంగురాళ్లన్నీ సెమీ ప్రెషస్. దాన్నీ తెలుగులో ఉపరత్నమనే అంటున్నాం కనుక చిక్కొచ్చింది. నవరత్నాల్లో ఒకటైన గోమేధికం ఖనిజశాస్త్రం ప్రకారం గార్నెట్ జాతిది. మనకు రత్నమైనది వారికి ఉపరత్నమైంది!

ఈ గీత గీసింది ప్రకృతి కాదు, అలవాటూ అంగడీ. ఊదారంగు ఎమెతిస్ట్‌కు ఒకప్పుడు యూరప్‌లో మేలిరత్నాల సరసన చోటుండేది. 19వ శతాబ్దంలో బ్రెజిల్‌లో దాని నిక్షేపాలు విస్తారంగా బయటపడ్డాయి. రాయి కొల్లలుగా దొరకడంతో ధర పడిపోయింది, హోదా పోయింది. రాయిలో మాత్రం మార్పేమీ లేదు. అదే స్ఫటికం, అదే రంగు, మోస్ కొలమానంపై అదే 7 కాఠిన్యం.

అలెగ్జాండ్రైట్‌ది ఇంకో కథ. వైడూర్యానికి ఇది సొంత తోబుట్టువు, రెండూ క్రైసోబెరిల్ ఖనిజమే. పగటి వెలుగులో పచ్చగా, దీపం దగ్గర ఎర్రగా కనిపిస్తుంది. విశాఖ ప్రాంతపు తూర్పు కనుమల్లోనూ దొరికింది. పాశ్చాత్యుల నాలుగింటిలో దీనికి చోటు లేదు గానీ, మేలిరకం రాయి కేరట్ ధరలో ఎన్నో వజ్రాలను దాటిపోతుంది.

తెలంగాణలో కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గార్నెట్ల సంగతి తెలుగువారు గర్వంగా చెప్పుకోదగ్గది. పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడు తవ్వకాల్లో గార్నెట్ పూసలు దొరికాయి. వాటి రసాయనిక కూర్పును, లోపల ఇమిడిన ఖనిజ రేణువులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఆ రాళ్లు గరీబ్‌పేటవేనని 2017లో ప్రకటించారు. రోమ్‌తో వర్తకం సాగించిన ఆ రేవుకు మన కొండరాయి అంత దూరం వెళ్లిందన్నమాట. దాన్ని 'తక్కువ రకం' అనడానికి మనసొప్పదు.

అంతర్జాతీయ ఆభరణాల సమాఖ్య సిబ్జో కూడా సెమీ ప్రెషస్ అన్న మాట తప్పుదారి పట్టిస్తుందని, వాడవద్దని చెబుతోంది. కొనేవారికి ఆ మాటకన్నా రాయి అసలు పేరు, అది సహజమో కాదో, వేడిచేసి రంగు మార్చారో లేదో తెలియడం ముఖ్యం. బజారులోని సిట్రిన్లలో చాలావరకు వేడిచేసిన ఎమెతిస్టులే. ఆ వివరం బిల్లు మీద రాయించుకోవాలి.