ఒక్క గాయం వెనుక ఎన్ని చదువులు!

"సార్! ఎం.బి.బి.ఎస్. సీటు రాకపోతే ఇక ఆసుపత్రిలో మనకు పని లేనట్లే గదా?"

పదవ తరగతిలో రక్తప్రసరణ పాఠం ముగించిన రోజున ఒక విద్యార్థిని నన్నడిగిన ప్రశ్న ఇది. తరగతిలో సగం మంది మనసులో అదే ప్రశ్న ఉన్నదని వాళ్ళ ముఖాలే చెప్పాయి. ఇంతలో గంట కొట్టారు. ఆనాడు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు మీ అందరికీ చెబుతాను.

హైదరాబాదు నుండి బీజాపూర్ పోయే రోడ్డు మీద ముందుగా మొయినాబాద్, ఆ తరువాత చేవెళ్ళ వస్తాయి. రోడ్డుకు ఇరుప్రక్కలా పాతకాలపు మర్రిచెట్లు, వాటి వెనుక కూరగాయల తోటలు, పూలతోటలు. ఈ రెండు మండలాలలో వైద్య కళాశాలలు కూడా వెలిశాయి. మొయినాబాద్ మండలం యెంకేపల్లిలో భాస్కర మెడికల్ కాలేజీ, అజీజ్‌నగర్‌లో డాక్టర్ వి.ఆర్.కె. మహిళా మెడికల్ కాలేజీ, చేవెళ్ళలో డాక్టర్ పట్నం మహేందర్ రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. తెల్లకోటు చేత పట్టుకొని బస్సెక్కే అన్నలను, అక్కలను మన పిల్లలు రోజూ చూస్తుంటారు. తెల్లకోటు అంటే డాక్టరే అనుకొంటారు. నిజమేనా?

ఈ రోడ్డు మీదనే 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్.టి.సి. బస్సు ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. గాయపడినవారిలో అనేకులను చేవెళ్ళ ఆసుపత్రికి తరలించారు. అటువంటి సమయంలో ఆసుపత్రిలో ఎవరెవరు ఏమేమి చేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? ఒక చిన్న ఉదాహరణ కల్పించుకొందాం. తెల్లవారుజామున టమాటాల బుట్టతో మోటారు సైకిల్ మీద మార్కెట్టుకు పోతున్న ఒక రైతు జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రికి తెచ్చారు. ఇక అతని వెంటే మనమూ నడుద్దాం.

మణికట్టు మీద మూడు వేళ్ళు

మొదట అతని చేయి పట్టుకొన్నది నర్సు. పైకి రక్తం పెద్దగా కనిపించడం లేదు. కాని తొడ ఎముక విరిగితే లోలోపలే లీటరుకు మించి రక్తం కారిపోవచ్చు. ఆ సంగతి తెలిసేదెట్లా?

లెక్క చేద్దాం. పెద్దవారి గుండె ఒక్కసారి కొట్టుకొంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని నెడుతుంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకొంటే 72 × 70 = 5,040 మిల్లీలీటర్లు, అంటే సుమారు 5 లీటర్లు. ఇప్పుడు రక్తం తగ్గి, ఒక్కో దెబ్బకు 50 మిల్లీలీటర్లే వస్తున్నాయనుకోండి. అదే 5 లీటర్లు పంపాలంటే గుండె నిమిషానికి 100 సార్లు కొట్టుకోవాలి. అందుకే రక్తపోటు పడిపోకముందే నాడి వేగం పెరుగుతుంది. పది నిమిషాల క్రితం 90 ఉన్న నాడి 110కి, 125కి ఎక్కుతున్నదని గమనించి డాక్టరును పిలిచే నర్సు ఒక ప్రాణాన్ని కాపాడినట్లే. ఇంటర్ తరువాత నాలుగేళ్ళ బి.ఎస్‌సి. నర్సింగ్ నేర్పేది సూదిమందు వేయడమొక్కటే కాదు; చూసింది చూసినట్లు వ్రాసి, దాని అర్థం గ్రహించడం.

ఒక్క చుక్క రక్తం

రైతుకు రక్తం ఎక్కించాలి. ఎవరి రక్తం పడితే వారిది ఎక్కించవచ్చునా? 1901కి పూర్వం ఈ ప్రశ్నకు జవాబు ఎవరికీ తెలియదు. ఆ సంవత్సరం వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ మనుషుల రక్తంలో వర్గాలున్నాయని ప్రకటించాడు. అందుకు 1930లో నోబెల్ బహుమతి లభించింది.

ప్రయోగశాలలో సాంకేతిక నిపుణురాలు రైతు రక్తపు చుక్కలను గాజుపలక మీద ఉంచి, ఒకదానికి ఎ ప్రతిరక్షకాన్ని, మరొకదానికి బి ప్రతిరక్షకాన్ని కలుపుతుంది. ఎర్రకణాలు గుంపులుగా అతుక్కొంటే ఆ వర్గపు ప్రతిజనకం ఉన్నట్లు లెక్క. అంతటితో పని ముగియలేదు. దాత ఎర్రకణాలను రైతు రక్తరసితో కలిపి, రెండింటికీ పొత్తు కుదురుతుందో లేదో చూస్తుంది. ఇక్కడ ఒక చీటీ తారుమారైతే గొప్ప సర్జన్ కూడా రోగిని కాపాడలేకపోవచ్చు. ఎర్రకణాలను 2 నుండి 6 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలోను, ప్లేట్‌లెట్లను 20 నుండి 24 డిగ్రీల వద్ద, కదుపుతూను భద్రపరచడం కూడా ఈ విద్యలో భాగమే. దీని పేరు మెడికల్ లేబొరేటరీ టెక్నాలజీ.

ఎముక నీడ

తరువాత ఎక్స్-రే గది. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనుగొన్నాడు. డిసెంబరులో ఆయన తీసిన భార్య చేతి చిత్రంలో ఎముకలూ ఉంగరమూ కనిపించాయి. ఎముకే ఎందుకు స్పష్టంగా కనిపిస్తుంది? మీ ఆవర్తన పట్టికను చూడండి. మాంసంలో ఎక్కువగా ఉండేవి హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్. వాటి పరమాణు సంఖ్యలు 1, 6, 8. ఎముకలోని కాల్షియం సంఖ్య 20. పరమాణు సంఖ్య పెరిగినకొద్దీ ఎక్స్-కిరణాలు ఎక్కువగా అడ్డగింపబడతాయి. అందువల్ల ఎముక నీడ పడుతుంది.

ఈ కిరణాలు జీవకణాలకు హాని కూడా చేయగలవు. కిరణాలు వెలువడే చోటికి దూరం రెండింతలైతే వాటి తీవ్రత నాలుగో వంతుకు తగ్గుతుంది. అవసరానికి మించి ఒక్క కిరణమూ పడకుండా స్పష్టమైన చిత్రం తీయడమే రేడియాలజీ టెక్నాలజీ చదివినవారి నేర్పు.

నిద్రపుచ్చే విద్య

రైతుకు శస్త్రచికిత్స చేయాలి. నొప్పి తెలియకుండా మత్తునిచ్చేది అనస్థీషియా డాక్టరు. యంత్రాలను, వాయువులను, గొట్టాలను సిద్ధం చేసి ప్రక్కనే నిలిచేవారు అనస్థీషియా టెక్నాలజీ చదివినవారు.

ఈ విద్యలో మన హైదరాబాదుకు గొప్ప చరిత్ర ఉన్నది. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలమైన హైదరాబాద్ మెడికల్ స్కూలు 1846లో ఆరంభమైంది. క్లోరోఫాం సురక్షితమేనా అని తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో రెండు సంఘాలు ఇక్కడ పరిశోధనలు జరిపాయి. 1885లో ఆ స్కూలులో చేరిన కొద్దిమంది మహిళలలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. మత్తుమందు ఇవ్వడంలో ప్రవీణురాలై, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా ఆమె పేరు పొందారు. అంతటి అనుభవం వచ్చాక ఆమె 1909లో ఎడిన్‌బరో వెళ్ళి ఏమి చదివారో తెలుసా? భౌతికశాస్త్రమూ, రసాయనశాస్త్రమూ! వాయువుల గుణాలు తెలియనిదే మత్తు విద్య పూర్తికాదని ఆమెకు తెలుసు. "ఈ సూత్రాలు మాకెందుకు సార్?" అనేవారు ఆమెను ఒకసారి తలచుకోండి.

మళ్ళీ నడక

ఎముక కుదిరింది. కాని నెలల తరబడి మంచం మీద ఉంటే కండరాలు సన్నగిల్లుతాయి, కీళ్ళు బిగిసిపోతాయి. బరువు మోయని ఎముక కూడా క్షీణిస్తుంది. అంతరిక్షంలో బరువు తెలియని వ్యోమగాములకు తుంటి ఎముకలో నెలకు ఇంచుమించు ఒక శాతం నష్టం కలుగుతుంది. కనుక ఏ రోజున ఎంత బరువు మోపాలో, ఏ కీలును ఎంత వంచాలో నిర్ణయించి రైతును మళ్ళీ పొలానికి నడిపించేవారు కావాలి. అది ఫిజియోథెరపీ. బి.పి.టి. అనే ఈ డిగ్రీ నాలుగేళ్ళకు పైబడిన చదువు.

భాష భయం వద్దు

ఈ చదువులన్నీ ఇంగ్లీషులోనే సాగుతాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారికి మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది. కాని ఆ పెద్ద పెద్ద మాటలు గ్రీకు, లాటిన్ ముక్కలతో అతికినవి. ఇంగ్లీషు మాధ్యమం వారికీ అవి కొత్తవే. 'ఆర్థ్రో' అంటే కీలు, 'హెపటో' అంటే కాలేయం, 'ఐటిస్' అంటే వాపు. ఇక ఆర్థ్రైటిస్, హెపటైటిస్ అంటే ఏమిటో మీరే చెప్పగలరు గదా! సంధులు విడదీయడం నేర్చినవారికి ఇది అసాధ్యం కాదు.

చేరేముందు

ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. దానికి నీట్ పరీక్ష వ్రాయాలి. ఆ కోరిక ఉన్నవారు తప్పక ప్రయత్నించండి. మిగిలిన కోర్సులకు ప్రవేశ నియమాలు మారుతుంటాయి కనుక, మీరు చేరే సంవత్సరపు ప్రకటనను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నుండే తెలుసుకోండి. గోడమీది రంగుల కాగితాన్ని నమ్మి డబ్బు కట్టవద్దు. నర్సింగ్ కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా అని అడగండి. అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పరచే చట్టం 2021లో వచ్చింది. గుర్తింపు లేని చోట గడిపిన ఏళ్ళు తిరిగి రావు సుమా! కాలేజీకి సొంత ఆసుపత్రి ఉన్నదా, అక్కడ రోగులు వస్తున్నారా అనేది కూడా కళ్ళారా చూడండి. రోగులు లేని చోట ఈ విద్య అబ్బదు.

ఇప్పుడు ఆనాటి ప్రశ్నకు వద్దాం. మన రైతు తిరిగి నడవడానికి డాక్టర్లు కావలసి వచ్చారు. కాని డాక్టర్లు మాత్రమే చాలలేదు. నాడిని, రక్తపు చుక్కను, నీడను, వాయువును, అడుగును చదవగలిగిన మరి అయిదుగురు కావలసి వచ్చారు. వారిలో ఏ ఒక్కరు పొరబడినా మిగిలినవారి శ్రమ వృథా. కనుక 'డాక్టరు సీటు రానివారి చదువులు' అని వీటిని తక్కువ చేయకండి. రాత్రి డ్యూటీలు, రక్తం, రోగుల విసుగు, ఇవన్నీ ఇందులో ఉంటాయి. వాటికి సిద్ధపడే ఎంచుకోండి.

మీకు ఈ పని సరిపడుతుందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం. ఈ వారమంతా రోజూ ఒకే సమయానికి ఇంట్లో నలుగురి నాడిని నిమిషం పాటు లెక్కించండి. మీ నాడిని మాత్రం కూర్చున్నప్పుడు ఒకసారి, ఇరవై గుంజీళ్ళు తీసిన వెంటనే ఒకసారి, మూడు నిమిషాల తరువాత మరొకసారి చూడండి. పట్టిక గీసి వ్రాయండి. ఒక్కరోజు మరచిపోతే ఆ గడిని ఊహించి నింపకండి, ఖాళీగానే వదిలేయండి. ఖాళీ గడిని ఖాళీగా ఉంచగల నిజాయితీ మీకుంటే, ఈ చదువులో మొదటి పాఠం మీకు వచ్చినట్లే.