బొగ్గుబాయి చెప్పు వైద్యపాఠము

భూగర్భమున బొగ్గు త్రవ్వు గనులలోనికి బీడీగాని, చుట్టగాని, అగ్గిపెట్టెగాని కొనిపోరాదను నియమము, పొరలనుండి వెలువడు మీథేను నిప్పురవ్వ సోకిన ప్రేలునను భయముచేత నేర్పడినది. అయితే పొగ త్రాగ వీలులేని ఆ షిఫ్టు గంటలలో తంబాకు నమలి దవడయందు నొక్కిపెట్టుకొను అలవాటు అనేకులను పట్టుకొన్నది. గోదావరిఖని కార్మికవాడలో పుట్టి, బి.డి.ఎస్. ముగించి, ఎం.డి.ఎస్. ప్రవేశమునకై మరల పుస్తకములు విప్పిన విద్యార్థినికి ఈ సంగతి క్రొత్తది కాదు. తాను చిన్ననాటినుండి చూచుచున్న ఆ బాయిపనివారి దేహములే జనరల్ మెడిసిన్‌లో చాల భాగమును విప్పి చెప్పుచున్నవని మాత్రము ఆమెకు తోచియుండకపోవచ్చును.

నీట్ ఎం.డి.ఎస్. పరీక్షలో 3 గంటలలో 240 ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలెను. ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు 1 మార్కు కోత. జనరల్ మెడిసిన్ బి.డి.ఎస్. మూడవయేటి పాఠము గావున పరీక్షనాటికి జ్ఞాపకము సడలుట సహజము. అందుచేతనే పలువురు గైడ్లలోని ఒంటిపంక్తి జవాబులను కంఠస్థము చేయుదురు. నా యభిప్రాయమున అంతకంటె ఒక రోగిని ఎదుట నిలుపుకొని చదువుట మేలు.

ఏండ్ల తరబడి బొగ్గుదుమ్ము పీల్చి పదవీవిరమణ చేసిన కార్మికుడొకడు పన్ను తీయించుకొనుటకు వచ్చెననుకొందము. ఐదు మైక్రాన్లకు లోపలి ధూళికణములు ముక్కును, శ్వాసనాళములను దాటి వాయుకోశములను చేరును. వానిని మ్రింగిన రక్షకకణములు అరిగించుకొనలేక అచటనే పేరుకొనగా ఊపిరితిత్తులు మచ్చకట్టి న్యూమోకోనియోసిస్ కలుగును. దుమ్ములో సిలికా పాలు అధికమైన సిలికోసిస్, దానివెంట క్షయ సోకు అవకాశము హెచ్చు. అతనికి రుమటాయిడ్ కీళ్లవాతము కూడ నుండి, ఎక్స్‌రేలో గుండ్రని గడ్డలు కనబడినచో అది కాప్లాన్ సిండ్రోమ్. 1953లో వేల్స్ దేశపు బొగ్గుగని కార్మికులను పరిశీలించి కాప్లాన్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. ఇట్టి రోగిని కుర్చీలో వెల్లకిల పరుండబెట్టిన ఆయాసము హెచ్చవచ్చును గావున, వీపు ఎత్తి కూర్చుండబెట్టియే పని చేయవలెను.

ఇక నోరు తెరచి చూతము. రక్తపుపోటుకై ఆమ్లోడిపిన్ వాడువారికి చిగుళ్లు పెరిగి పండ్లను కప్పవచ్చును. మూర్ఛకిచ్చు ఫెనిటాయిన్‌కును, మూత్రపిండము మార్పిడి జరిగినవారికిచ్చు సైక్లోస్పోరిన్‌కును ఈ గుణమే కలదు. దవడలోపల, తంబాకు పెట్టుకొను చోటనే, తెల్లని మచ్చ కనబడినచో గాజుగుడ్డతో తుడిచి చూడవలెను: ఊడివచ్చిన కాండిడా కావచ్చును, రానిచో ల్యూకోప్లాకియాను అనుమానించి, అవసరమైన బయాప్సీకి పంపవలెను. ఏలయన అది క్యాన్సరుగా మారుటకు అవకాశము కలది.

గైడ్లు పాతబడును, ఈ మాటను నేను నొక్కి చెప్పదలచితిని. కృత్రిమ కవాటము అమర్చిన హృద్రోగికి పన్ను తీయుటకు 30 నుండి 60 నిమిషముల ముందు అమాక్సిసిల్లిన్ 2 గ్రాములు ఈయవలెను. పెన్సిలిన్ పడనివారికి క్లిండమైసిన్ అని పలువురు వల్లించినారు. కాని ప్రేగులలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ కలుగు ప్రమాదమునుబట్టి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో ఆ మందును సిఫారసునుండి తొలగించెను. అజిత్రోమైసిన్ లేక డాక్సీసైక్లిన్ దాని స్థానమున గ్రహింపదగినవి. రామగుండమున 2022 నుండి వైద్యకళాశాల నడచుచున్నది గనుక, అచటి విద్యార్థులతో కూర్చుండి ఇట్టి మార్పులను సరిచూచుకొనుట ఈ ప్రాంతపువారికి సులభము.

ఒక్క జవాబు మాత్రము తడుముకొనకుండ నోట రావలెను. మందు పడక రోగి ఒళ్లు దద్దురెక్కి, ఊపిరి బిగిసి, రక్తపుపోటు పడిపోయిన అనాఫిలాక్సిస్‌లో, వెయ్యింటికొకటి పాళ్ల అడ్రినలిన్ అర మిల్లీలీటరు తొడ వెలుపలి కండరములోనికి ఎక్కింపవలెను. 5 నిమిషములకు తెప్పరిల్లనిచో మరల అంతే.