ఒకే ఊరు, ఎనిమిది జట్లు

ఒక నగరంలో ఎక్కువ జట్లుంటే లీగుకు లాభమేనా? ఢిల్లీ, కోల్‌కతా, హైదరాబాద్ అనుభవాలు తలో జవాబు చెబుతున్నాయి

ఐఐటీ ఢిల్లీ పక్కనే ఉండే జియా సరాయ్ ఇరుకు సందుల్లో ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. గేట్, నెట్ పరీక్షల కోసం ఇక్కడి అద్దె గదుల్లో మకాం పెట్టే కుర్రాళ్లు తమతోపాటు సొంతూరి అభిమానాన్నీ వెంట తెచ్చుకుంటారు. హైదరాబాద్ వాడికి సన్‌రైజర్స్, చెన్నై వాడికి సూపర్ కింగ్స్. కానీ మ్యాప్ ప్రకారం ఈ పేటకూ ఓ జట్టుంది: సౌత్ ఢిల్లీ సూపర్‌స్టార్జ్.

2024 ఆగస్టులో మొదలైన ఢిల్లీ ప్రీమియర్ లీగ్ ఒకే నగరాన్ని ఆరు పురుషుల జట్లుగా పంచింది. 2025లో అవి ఎనిమిదయ్యాయి. ఆటగాళ్లకు ఇది నిజంగానే వరం. రాష్ట్ర జట్టులో 11 మందికే చోటు. ఇక్కడ అంతకు ఎన్నో రెట్ల మందికి అవకాశం. తొలి సీజన్‌లోనే సౌత్ ఢిల్లీ 20 ఓవర్లలో 308 పరుగులు చేసింది. ఆయుష్ బదోనీ 165, ప్రియాంశ్ ఆర్య 120 బాదారు. కొన్ని నెలలకే ఐపీఎల్ వేలంలో పంజాబ్ కింగ్స్ ఆర్యను రూ.3.8 కోట్లకు కొనుక్కుంది.

మరి ప్రేక్షకుల సంగతి? తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ జట్లన్నీ ఆడేది ఒక్క అరుణ్ జైట్లీ స్టేడియంలోనే. సొంత మైదానమంటూ లేనప్పుడు పేట పౌరుషం ఎక్కణ్నుంచి వస్తుంది?

కోల్‌కతా కథ వేరు. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ ఏ లీగూ పంచిపెట్టిన జట్లు కావు. స్థానికులు ఒకవైపు, తూర్పు బెంగాల్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు మరోవైపు నిలిచాయి. 1997లో ఈ జట్ల మధ్య జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు సాల్ట్‌లేక్ స్టేడియంలో 1.3 లక్షల మందికి పైగా పోగయ్యారు. ఆ పోరుకు చీకటి కోణమూ ఉంది: 1980లో ఈడెన్ గార్డెన్స్‌లో 16 మంది అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. అయినా, 2014లో నగరానికో జట్టుతో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) 2020లో ఆ గీత చెరిపి రెండింటినీ చేర్చుకుంది. 2024లో మహమ్మడన్ స్పోర్టింగ్ రాకతో కోల్‌కతా జట్లు మూడయ్యాయి.

అలాగని నగరాన్ని ఒకే జట్టుకు రాసిచ్చినా భరోసా లేదు. అదే లీగులో ఢిల్లీ డైనమోస్ 2019లో భువనేశ్వర్‌కు తరలిపోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. 2021-22 విజేత హైదరాబాద్ ఎఫ్‌సీకి గచ్చిబౌలిలో పోటీ జట్టే లేదు. అయినా 2025లో అది ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. హైదరాబాద్ అభిమానికి మిగిలింది పాత జెర్సీయే.

అంటే లెక్క జట్ల సంఖ్యలో లేదు, వాటి వెనక నిలిచే జనంలో ఉంది. ఆటగాళ్లను తయారుచేయడమే లక్ష్యమైతే ఢిల్లీకి ఎనిమిది జట్లూ పనికొస్తాయి. గ్యాలరీలు నిండాలంటే మాత్రం సౌత్ ఢిల్లీ జట్టు ముందు సౌత్ ఢిల్లీలో ఆడాలి, జియా సరాయ్ కుర్రాడు నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో.